"సెగ": మా షాపు కంప్యూటర్ వేడి చూసుకోడానికి రాసుకున్న చిన్న లినక్స్ ప్రోగ్రామ్, సోర్స్ కోడ్ ఇస్తున్నాను

1. వేపచెట్టు · శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నరసరావుపేటలో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాం. షాపు కంప్యూటర్‌లో డెబియన్ లినక్స్ వాడుతున్నాను. వేసవి వచ్చిందంటే మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య అది ఉన్నట్టుండి ఆగిపోయేది. కరెంటు ఉంది, యూపీఎస్ ఉంది, అయినా తెర నల్లబడిపోయేది. పోయిన రోహిణి కార్తెలో ఒకాయన కార్డు సేవ్ చేసేలోపే రెండుసార్లు పోయింది. ఆయన నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఆ రాత్రే ఈ ప్రోగ్రామ్ మొదలుపెట్టాను.

పేరు "సెగ". సీ భాషలో 280 లైన్లు. ప్రాసెసర్ వేడి, ఫ్యాన్ వేగం, ప్రాసెసర్ ఎంత శాతం పనిలో ఉంది, మెమరీ ఎంత నిండింది, బ్యాటరీ ఉంటే దాని స్థితి, ఇవన్నీ టెర్మినల్‌లో ఒకే తెర మీద కనిపిస్తాయి. వేడి 85 డిగ్రీలు దాటితే ఆ లైను ఎర్రబడి బీప్ మోగుతుంది. బయటి లైబ్రరీ ఏదీ అక్కర్లేదు, సీ కంపైలర్ జీసీసీ ఉంటే చాలు.

నా సమస్య దీంతోనే దొరికింది. ఖాళీగా ఉన్నప్పుడు 60, పెద్ద ఫ్లెక్సీ ఫైలు ఎక్స్‌పోర్ట్ పెట్టిన నాలుగు నిమిషాలకే 97. విప్పి చూస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య కాగితం నూగు గడ్డకట్టి ఉంది. శుభ్రం చేసి, థర్మల్ పేస్ట్ మార్చాక 74 దాటడం లేదు.

నేను చదివింది కామర్స్. సీ సొంతంగా నేర్చుకున్నాను. నా ఒక్క కంప్యూటర్ మీద తప్ప ఇంకెక్కడా దీన్ని నడపలేదు. జిప్ ఫైలు జతచేశాను. మీ దగ్గర నడిపి చూసి, తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

2. రాత్రిషిఫ్ట్ · శనివారం, రాత్రి 11:47

హెచ్చరిక ఒక్కటి కూడా లేకుండా కంపైల్ అయింది, బాగుంది. కానీ నా ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ వేడి 41 దగ్గరే ఉండిపోయింది. ప్రాసెసర్‌కి బరువైన పని కావాలని కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ మూల భాగం) బిల్డ్ పెట్టాను, ఫ్యాన్ హోరెత్తిపోతోంది, అంకె మాత్రం కదల్లేదు. సోర్స్ తెరిచి చూశాను. 63వ లైనులో సెన్సర్ల అంకెలుండే ఫోల్డర్ పేరు హెచ్‌డబ్ల్యూమాన్2 అని నేరుగా రాసేశారు. నా మెషీన్‌లో రెండో నంబరు వైఫై కార్డుది. అంటే ఇంతసేపూ నేను చూసింది వైఫై వేడి.

ఇది చిన్న తప్పు కాదండి. అంకె అసలు కనిపించకపోతే మనిషి అనుమానపడతాడు. 41 అని చల్లగా కనిపిస్తే అంతా బాగుందనుకుని వదిలేస్తాడు.

3. వేపచెట్టు · శనివారం, రాత్రి 11:58

నిజమే. ఇప్పుడే మూడుసార్లు రీబూట్ చేశాను. రెండోసారి నా కంప్యూటర్‌లో కూడా నంబర్లు మారాయి! ఆ నంబరు స్థిరంగా ఉంటుందనుకున్నాను. మరి ఏ ఫోల్డర్ దేనిదో ప్రోగ్రామ్‌కి ఎలా తెలుస్తుంది?

4. టంకం · ఆదివారం, ఉదయం 7:20

ఆ నంబర్లు డ్రైవర్లు లోడయ్యే వరసని బట్టి వస్తాయి. ఈరోజు ముందు వచ్చినది రేపు వెనక రావచ్చు. అందుకని నంబరు చూడకూడదు, పేరు చూడాలి. ప్రతి హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్‌లోనూ "నేమ్" అనే చిన్న ఫైలు ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే అందులో కోర్‌టెంప్ అని, కొత్త ఏఎమ్‌డీ అయితే కే10టెంప్ అని, ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్ అయితే ఎన్‌వీఎమ్‌ఈ అని ఉంటుంది. రాస్‌బెర్రీ పై లాంటి బోర్డుల్లో సీపీయూ థర్మల్ అని కనిపిస్తుంది. ప్రోగ్రామ్ మొదలవగానే ఫోల్డర్లన్నీ ఒకసారి తిరిగి, పేర్లు చదివి, కావలసినది గుర్తుపెట్టుకోవాలి. పాతిక లైన్ల పని.

పేరు దొరికాక లేబుల్ ఫైలు కూడా చదవండి. కోర్‌టెంప్‌లో మొత్తం ప్రాసెసర్‌కి ఒక అంకె, ఒక్కో కోర్‌కీ ఒక్కో అంకె వస్తాయి. మీరు చూపించాల్సింది మొత్తానిది.

ఏఎమ్‌డీ దగ్గర ఇంకో సంగతి తెలుసుకోవాలి. కే10టెంప్ ఇచ్చే టీ-కంట్రోల్ అంకె ఫ్యాన్ నడపడానికి ఉద్దేశించినది, అన్నిసార్లూ అసలు వేడి కాదు. మొదటి తరం రైజన్‌లో 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లకి అది నిజమైన వేడి కంటే 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. టీ-డై అనే లేబుల్ ఉంటే దాన్ని తీసుకోండి, లేకపోతేనే టీ-కంట్రోల్. ఈ తేడా తెలియక బాగున్న కూలర్‌ని మార్చేసుకున్నవాళ్లని చూశాను.

5. కొత్తమొలక · ఆదివారం, ఉదయం 9:05

అన్నా, నేను డిప్లొమా రెండో సంవత్సరం. కోడ్ చదువుతున్నా. వేడి చదివే ఫైలులో 47000 అని వస్తోంది, మీరు వెయ్యితో భాగిస్తున్నారు. అంత చిన్న ఫైలులోకి అంకెలు ఎవరు రాస్తున్నారు? డిస్క్ మీద రోజంతా రాస్తూ ఉంటే డిస్క్ పాడవదా?

6. టంకం · ఆదివారం, ఉదయం 9:31

మంచి ప్రశ్న తమ్ముడూ. అది డిస్క్ మీద ఉన్న ఫైలు కాదు. సిస్ అనే ఫోల్డర్ మొత్తం కెర్నల్ మనకి చూపించే కిటికీ అనుకో. నువ్వు ఆ ఫైలు చదివిన క్షణంలో కెర్నల్ డ్రైవర్‌ని అడుగుతుంది, డ్రైవర్ సెన్సర్ చూసి అంకె చెబుతుంది, అది అక్షరాలుగా నీకు చేరుతుంది. నువ్వు చదవకపోతే అక్కడ అంకే లేదు.

కెర్నల్ లోపల దశాంశాలు వాడరు కాబట్టి చిన్న యూనిట్లలో పూర్ణాంకాలు ఇస్తారు. వేడి డిగ్రీలో వెయ్యో వంతుల్లో, వోల్టేజి మిల్లీవోల్టుల్లో, పవర్ మైక్రోవాట్లలో ఉంటాయి. ఫ్యాన్ మాత్రం నిమిషానికి ఎన్ని చుట్లో అదే. వేడి సున్నా కంటే కిందకి కూడా పోవచ్చు కాబట్టి మైనస్ గుర్తు చదవగల రకంలో దాచుకోవాలి. వేపచెట్టు గారు అన్‌సైన్డ్ వాడారు, అదీ మార్చాలి.

7. పాతఇనుము · ఆదివారం, మధ్యాహ్నం 12:40

మంచి ప్రయత్నమే. కానీ లినక్స్‌లో సెన్సర్లు చదవడానికి ఎల్‌ఎమ్-సెన్సర్స్ 1998 నుంచి ఉంది. దాని లైబ్రరీ ఈ పేర్లు, లేబుళ్లు, యూనిట్లు అన్నీ చూసుకుంటుంది. బోర్డును బట్టి సవరణలు పెట్టుకోడానికి కాన్ఫిగరేషన్ ఫైలు కూడా ఉంది. మళ్లీ మొదటి నుంచి ఎందుకు రాసుకోవడం? ఆ లైబ్రరీని పిలిస్తే మీ 280 లైన్లలో సగం పోతాయి.

8. వేపచెట్టు · ఆదివారం, మధ్యాహ్నం 1:15

పాతఇనుము గారూ, అందులోని సెన్సర్స్ కమాండ్ నేనూ వాడాను. కానీ అందులో నాకు ముప్పై లైన్లు వస్తాయి, వాటిలో కావలసినవి నాలుగు. షాపులో పనిచేసే అమ్మాయి కూడా దూరం నుంచి ఒక్క చూపు చూసి చెప్పగలగాలి. పైగా ఇది రాస్తుంటేనే కెర్నల్ ఏం చెబుతోందో నాకు తెలిసింది. లైబ్రరీ వాడి ఉంటే ఈ ఉదయం టంకం గారు చెప్పినదేదీ నాకు అర్థమయ్యేది కాదు.

9. పాతఇనుము · ఆదివారం, మధ్యాహ్నం 1:30

నేర్చుకోడానికైతే ఒప్పుకుంటాను. వోల్టేజీల జోలికి మాత్రం వెళ్లకండి. ఆ అంకెలు బోర్డు మీది రెసిస్టర్లని బట్టి లెక్క కట్టాలి, ఒక్కో బోర్డుకీ ఒక్కో లెక్క. అది ఎల్‌ఎమ్-సెన్సర్స్‌కే వదిలేయండి.

10. కొత్తమొలక · ఆదివారం, సాయంత్రం 6:22

నా ల్యాప్‌టాప్‌లో మెమరీ 94 శాతం నిండిందని చూపిస్తోంది. 8 జీబీ ర్యామ్, బ్రౌజర్ ఒక్కటే తెరిచా. టెన్షన్ వచ్చింది, ఏమైనా వైరసా?

11. రాత్రిషిఫ్ట్ · ఆదివారం, సాయంత్రం 6:50

వైరస్ కాదు, కంగారుపడకు. ప్రాక్ ఫోల్డర్‌లోని మెమ్‌ఇన్ఫో ఫైలు చదువు. అందులో మెమ్‌ఫ్రీ అని, మెమ్‌అవైలబుల్ అని రెండు ఉంటాయి. వేపచెట్టు గారు మెమ్‌ఫ్రీ వాడారు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ని కెర్నల్ వృథాగా వదలదు. చదివిన ఫైళ్ల నకళ్లు అందులో ఉంచుకుంటుంది, ఏ ప్రోగ్రామైనా అడిగితే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. ఇంటికి చుట్టాలొస్తే మంచం మీది బట్టలు తీసి చోటిచ్చినట్టు. కొత్త ప్రోగ్రామ్‌కి నిజంగా ఎంత దొరుకుతుందో అంచనా వేసి చెప్పేది మెమ్‌అవైలబుల్. అది 2014లో వచ్చిన 3.14 కెర్నల్ నుంచి ఉంది. ఇప్పుడు దాదాపు అందరి దగ్గరా ఉంటుంది.

ప్రాసెసర్ శాతంలోనూ తప్పుంది. ప్రాక్‌లోని స్టాట్ ఫైలు మొదటి లైనులో ఉండే అంకెలు బూట్ అయిన దగ్గర్నుంచి పోగైన కాలం. వాటిని నేరుగా భాగిస్తే ఆ మొత్తం కాలానికి సగటు వస్తుంది కానీ ఇప్పటి సంగతి తెలియదు. నా దగ్గర ఎంత పని పెట్టినా 6 శాతమే చూపించింది. ఒకసారి చదివి, కాసేపు ఆగి మళ్లీ చదివి, రెండింటి తేడా మీద లెక్క కట్టాలి. ఐడిల్‌తో పాటు ఐఓ వెయిట్‌ని (డిస్క్ లాంటి వాటి కోసం ఎదురుచూసిన కాలం) కూడా ఖాళీ కాలంగానే తీసుకోండి. గెస్ట్ కాలం (వర్చువల్ మెషీన్లు వాడినది) యూజర్ కాలంలో (మామూలు ప్రోగ్రాములు వాడినది) ముందే కలిసి ఉంటుంది, మళ్లీ కూడితే రెండుసార్లు లెక్కపడుతుంది.

12. గోదారిగట్టు · ఆదివారం, రాత్రి 9:10

రాజమండ్రి దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూసుకుంటాను. 40 పాత సిస్టమ్స్, అన్నిటిలోనూ ఉబుంటు. దీన్ని మా ల్యాబ్‌లో పెట్టాలని ఉంది. కానీ మీ జిప్‌లో లైసెన్స్ ఫైలు లేదు. సోర్స్ అందరికీ కనిపించినంత మాత్రాన ఎవరైనా వాడుకోవచ్చని కాదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని కూడా సాహిత్య రచన కిందే లెక్కగడుతుంది. మీరు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకపోతే దాన్ని మార్చడానికీ పంచడానికీ మాకు హక్కు ఉండదు.

13. వేపచెట్టు · ఆదివారం, రాత్రి 9:25

అయ్యో, వాడుకోమనే కదండి పెట్టాను. ఏ లైసెన్స్ పెట్టమంటారు? నాకు డబ్బు అక్కర్లేదు. ఎవరైనా దీన్ని బాగుచేస్తే ఆ బాగు అందరికీ అందాలి.

14. గోదారిగట్టు · ఆదివారం, రాత్రి 9:44

అయితే జీపీఎల్ అనే లైసెన్స్ మీకు సరిపోతుంది. కెర్నల్‌ది జీపీఎల్ రెండో వెర్షన్, 1991 నాటిది. ఎమ్‌ఐటీ లైసెన్స్ పెడితే ఎవరైనా తీసుకుని, మార్చి, సోర్స్ మూసేసుకోవచ్చు. పేరు చెబితే చాలు. జీపీఎల్‌లో అలా కుదరదు. అయితే ఒక అపోహ ఉంది, ముందే చెబుతున్నాను. మార్పులు మీకు పంపాలని జీపీఎల్ అనదు. ఎవరికైతే ప్రోగ్రామ్ ఇచ్చారో వాళ్లకి సోర్స్ కూడా ఇవ్వాలంటుంది. ఇంట్లో మార్చుకుని ఇంట్లోనే వాడుకునేవాళ్ల మీద ఏ షరతూ లేదు.

ఇంకో మాట. జిప్ ఫైళ్లు వద్దు. రేపు నలుగురు నాలుగు రకాలుగా మారిస్తే ఏది ఎవరిదో తెలియదు. ఎవరు ఏం మార్చారో దాచిపెట్టే గిట్ పెట్టండి. ఇప్పటిదాకా ఎత్తిచూపిన ఒక్కో తప్పునీ ఒక్కో కమిట్‌గా (గిట్‌లో నమోదు చేసిన ఒక మార్పు) దిద్దండి.

15. వేపచెట్టు · సోమవారం, రాత్రి 11:30

గిట్ పెట్టాను. జీపీఎల్ రెండో వెర్షన్ ఫైలు చేర్చాను. పేరుతో వెతకడం, మెమరీ, ప్రాసెసర్ శాతం దిద్దాను. ఒక్కోదానికీ ఒక్కో కమిట్, ఎవరు చెప్పారో ఆ సందేశంలోనే రాశాను.

16. కొత్తమొలక · మంగళవారం, సాయంత్రం 5:48

మా ల్యాబ్ డెస్క్‌టాప్‌లో నడిపితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఆగిపోయింది. రెండు గంటలు కూర్చున్నాను. డెస్క్‌టాప్‌కి బ్యాటరీ ఉండదు కదా, ఫైలు తెరిచే ఎఫ్‌ఓపెన్ నల్ (ఏమీ లేదని) ఇస్తోంది, అది చూసుకోకుండా చదువుతున్నారు. నేను సరిచేశా. స్క్రీన్‌షాట్లు నాలుగు పెడుతున్నా. సరిగ్గా ఉందో లేదో చెప్పండి అన్నా.

17. వేపచెట్టు · మంగళవారం, రాత్రి 10:05

తమ్ముడూ, నువ్వు పట్టుకున్నది అసలైన తప్పు. నా షాపులో కంప్యూటర్ కూడా డెస్క్‌టాపే, కానీ అందులో యూపీఎస్ బ్యాటరీ లాగా కనిపిస్తోంది, అందుకే నాకు ఎప్పుడూ రాలేదు. స్క్రీన్‌షాట్ నుంచి నేను మళ్లీ టైపు చేస్తే ఆ మార్పు నా పేరు మీద పడుతుంది. అది నీది. గిట్‌లో కమిట్ చేసి, ఫార్మాట్-ప్యాచ్ కమాండ్‌తో ఆ మార్పుని ఫైలుగా (ప్యాచ్) తీసి పెట్టు. నీ పేరుతోనే చేరుస్తాను.

18. టంకం · మంగళవారం, రాత్రి 10:40

కొత్తమొలక మార్పు చూశాను. ఆగిపోకుండా చేశాడు, బాగుంది. కానీ ఫైలు లేకపోతే విలువ 0 పెట్టాడు. మూల కోడ్‌లో వేడికీ ఫ్యాన్‌కీ కూడా ఇదే పద్ధతి ఉంది. ఇక్కడ కాస్త నిలబడి ఆలోచిద్దాం.

ఫ్యాన్ 0 అంటే ఫ్యాన్ ఆగిపోయిందని. ఫ్యాన్ ఫైలు లేకపోవడం అంటే మనకి తెలియదని. రెండింటికీ ఒకే అంకె చూపిస్తే, నిజంగా ఫ్యాన్ ఆగిన రోజున "మొదటి నుంచీ అంతే కదా" అని వదిలేస్తారు. డెస్క్‌టాప్ బోర్డుల్లో ఫ్యాన్ వేగం చదివే చిప్ వేరే ఉంటుంది, దాని డ్రైవర్ చాలాచోట్ల తనంతట తాను లోడవదు. కాబట్టి ఫైలు లేకపోవడం మామూలే. అలాగే ఫైలు ఉన్నా చదవలేకపోవచ్చు. వైఫై ఆపేసి చూడండి, దాని వేడి ఫైలు తెరుచుకుంటుంది కానీ చదివితే డేటా లేదని తప్పు వస్తుంది.

నా సూచన: ప్రతి రీడింగ్‌కీ విలువతో పాటు "చదవగలిగామా" అనే గుర్తు ఒకటి ఉండాలి. చదవలేకపోతే అంకె చోట గీత గీయాలి.

19. కొత్తమొలక · బుధవారం, ఉదయం 6:30

అర్థమైంది. మార్చి ప్యాచ్ పెట్టాను. బ్యాటరీలో ఇంకో సంగతి దొరికింది. నా ల్యాప్‌టాప్‌లో ఎనర్జీ-నౌ, ఎనర్జీ-ఫుల్ ఫైళ్లున్నాయి, మా ఫ్రెండ్ దాంట్లో ఛార్జ్-నౌ, ఛార్జ్-ఫుల్ ఉన్నాయి. ఒకటి వాట్ అవర్స్ లెక్క, ఇంకోటి యాంపియర్ అవర్స్. శాతానికి రెండూ పనికొస్తాయి కాబట్టి ముందు ఎనర్జీ వెతికి, లేకపోతే ఛార్జ్ తీసుకునేలా రాశా.

20. వేపచెట్టు · బుధవారం, రాత్రి 9:15

చేర్చాను. సెగలో నాది కాని మొదటి కమిట్ ఇది. చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ.

21. రాత్రిషిఫ్ట్ · బుధవారం, రాత్రి 11:52

వేడి కొలిచే ప్రోగ్రామ్ తానే వేడి పెంచకూడదు కదా. మీ లూప్ సెకనుకి పదిసార్లు తిరుగుతోంది, తిరిగిన ప్రతిసారీ ఫైళ్లన్నీ తెరిచి మూస్తోంది. నా పాత మెషీన్‌లో ఇదొక్కటే 3 శాతం తీసుకుంటోంది. రెండు సెకన్లకి ఒకసారి చాలు. ఫైళ్లు మొదట్లో ఒకసారి తెరిచి పెట్టుకుని, ప్రతిసారీ పీరీడ్ ఫంక్షన్‌తో సున్నా స్థానం నుంచి చదివితే కెర్నల్ కొత్త అంకె ఇస్తుంది. ఎఫ్‌స్కాన్‌ఎఫ్ ఫంక్షన్ చదివినది తన బఫర్‌లో దాచుకుంటుంది, ఇక్కడ అది వద్దు. పీరీడ్ తప్పు ఇస్తే మూసి మళ్లీ తెరవాలి, నడుస్తుండగా డ్రైవర్ తీసేసి ఉండొచ్చు. ప్యాచ్ జతచేశాను. ఇప్పుడు వాడకం సున్నాకి దగ్గరగా ఉంది.

బీప్ సంగతి. 85 దగ్గర అటూ ఇటూ ఊగుతుంటే ఆగకుండా మోగుతోంది. ఒకసారి మోగాక 80 కిందకి దిగితే తప్ప మళ్లీ మోగకూడదు. ఆ 85 కూడా అందరికీ ఒకటి కాదు. క్రిట్ అనే ఫైలు ఉంటే తయారీదారు పెట్టిన హద్దు అందులో ఉంటుంది, చాలా ఇంటెల్ ప్రాసెసర్లకి 100. దానికి 15 తగ్గించి వాడండి.

22. పాతఇనుము · గురువారం, ఉదయం 8:10

ప్రాసెసర్ ఎన్ని వాట్లు తింటోందో కూడా చూపిస్తే బాగుంటుంది. పవర్‌క్యాప్ ఫోల్డర్‌లో ఎనర్జీ లెక్క ఉంటుంది కానీ రూట్‌కి (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) తప్ప తెరుచుకోవడం లేదు. ఎవరు నడిపినా రూట్ అధికారంతో నడిచేలా సెట్‌యూఐడీ పెడదామా?

23. టంకం · గురువారం, ఉదయం 8:45

వద్దండి, దయచేసి. ఆ ఫైలు ఒకప్పుడు అందరికీ తెరుచుకునేది. కరెంటు వాడకంలోని చిన్న చిన్న తేడాలు చూసి రహస్య కీలు రాబట్టవచ్చని పరిశోధకులు చూపించాక, 2020 నవంబరులో కెర్నల్‌లో దాన్ని రూట్‌కే పరిమితం చేశారు. మనం సెట్‌యూఐడీ పెడితే, వాళ్లు ఆలోచించి వేసిన తలుపుని మళ్లీ మనమే తీసినట్టు. పైగా సీలో రాసిన ప్రోగ్రామ్, నిన్నటిదాకా నల్ చూసుకోకుండా ఆగిపోయింది. దానికి రూట్ అధికారం ఇవ్వకూడదు. చదవగలిగితే చూపిద్దాం, లేకపోతే గీత.

24. పాతఇనుము · గురువారం, ఉదయం 8:58

సరే, ఒప్పుకున్నాను. కావలసినవాళ్లు సుడోతో (ఆ ఒక్కసారికి రూట్‌గా) నడుపుకుంటారు.

25. గోదారిగట్టు · శుక్రవారం, రాత్రి 8:20

ల్యాబ్‌లో ఆరు సిస్టమ్స్‌లో పెట్టాను. రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది డిస్క్ వేడి. ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్‌లకి 5.5 కెర్నల్ నుంచి దానంతట అదే వస్తుంది. సాటా డిస్క్‌లకి 5.6 నుంచి డ్రైవ్‌టెంప్ మాడ్యూల్ ఉంది, మనం లోడ్ చేయాలి. చేశాను, అంకె వచ్చింది. కానీ మా బ్యాకప్ సిస్టమ్‌లో రాత్రిళ్లు తిరగడం ఆపి నిద్రపోవాల్సిన హార్డ్ డిస్క్ నిద్రపోవడం మానేసింది. కొన్ని డిస్క్‌లకి వేడి అడిగితే నిద్ర గడియారం మళ్లీ మొదటికొస్తుందని కెర్నల్ పత్రాల్లోనే రాసి ఉంది. అందుకని తిరిగే డిస్క్‌ల వేడి అడిగితేనే చూపించాలి, మామూలుగా ఆపి ఉంచాలి. ఆ ప్యాచ్ పంపాను.

రెండోది తెలుగు. మా పిల్లల కోసం పేర్లు తెలుగులో పెట్టాను. ఇంగ్లిష్‌లో వరసగా ఉన్న అంకెలు చెల్లాచెదురైపోయాయి. ప్రింట్‌ఎఫ్ వెడల్పుని బైట్లలో లెక్కపెడుతుంది. అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు. "ఉష్ణోగ్రత" అన్న మాటలో తొమ్మిది కోడ్లు, అంటే 27 బైట్లు. కంటికి కనిపించే అక్షరాలు నాలుగే. వెడల్పు అడిగే ఫంక్షన్‌ని అడిగితే ఆరు గడులంటోంది. ఒక్కో టెర్మినల్ ఒత్తులని ఒక్కోలా గీస్తోంది. మూడు రాత్రులు పోయాయి.

26. టంకం · శుక్రవారం, రాత్రి 9:02

ఆ లెక్క అన్ని టెర్మినళ్లలో కుదిరే దారి లేదు. అయినా మనకి ఆ లెక్క ఎందుకు? అంకె ఎడమవైపు, పేరు కుడివైపు పెడదాం. అంకెలు, యూనిట్లు ఎప్పుడూ ఒకే వెడల్పు. పేరు చివర ఉంటే అది ఎంత పొడుగైనా ఎవరికీ అడ్డురాదు.

27. గోదారిగట్టు · శుక్రవారం, రాత్రి 9:30

పెట్టి చూశాను. మూడు టెర్మినళ్లలోనూ గీత గీసినట్టు వచ్చింది! "62 డిగ్రీలు, ప్రాసెసర్ ఉష్ణోగ్రత" అని చదువుకోడానికి కూడా బాగుంది. చివరి బెంచీ నుంచి కూడా అంకె ముందు కనిపిస్తోంది.

28. వేపచెట్టు · ఆదివారం, మధ్యాహ్నం 3:10

అన్నీ చేర్చి 0.2 అని ట్యాగ్ చేశాను. ఇప్పుడు 410 లైన్లు. నేను రాసిన 280లో మారకుండా మిగిలినవి వందకి లోపే. ఎవరెవరు ఏం దిద్దారో రీడ్‌మీలో మీ మీ పేర్లతో రాశాను, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి.

ఒక్క సంగతి మీకు చెప్పాలి. కొత్త వెర్షన్ షాపులో పెట్టగానే ఫ్యాన్ దగ్గర గీత వచ్చింది. ఇన్నాళ్లూ 0 చూపిస్తుంటే నా కంప్యూటర్ ఫ్యాన్ వేగం చెప్పదేమో అనుకున్నాను. పాతఇనుము గారు చెప్పిన ఎల్‌ఎమ్-సెన్సర్స్‌లోని సెన్సర్స్-డిటెక్ట్ నడిపితే చిప్ దొరికింది, డ్రైవర్ లోడ్ చేశాను. ప్రాసెసర్ ఫ్యాన్ 1180 చుట్లు తిరుగుతోంది. వెనక క్యాబినెట్ ఫ్యాన్ దగ్గర మాత్రం గీత కాదు, 0 వచ్చింది. మూత తీసి చూస్తే నిజంగానే తిరగడం లేదు. ఎన్ని నెలలైందో!

29. కొత్తమొలక · ఆదివారం, మధ్యాహ్నం 3:26

అన్నా, ఫ్యాన్ మార్చాక వేడి ఎంత వస్తోందో పెట్టండి. పాత అంకెలు ఫైలులో దాచుకునే ఆప్షన్ ఒకటి రాస్తున్నా, రేపు ప్యాచ్ పంపుతా. సమయం, అంకె కామాలతో రాస్తే చాలా, చదవలేనప్పుడు అక్కడ కూడా గీతే పెట్టాలా?

30. టంకం · ఆదివారం, మధ్యాహ్నం 3:41

ఫైలులో గీత వద్దు, ఆ గడి ఖాళీగా వదిలేయ్. స్ప్రెడ్‌షీట్‌లో తెరిచినప్పుడు ఖాళీ గడిని సగటులో కలపదు.